జిగొందాస్: కొండ నీడలో పండే రెడ్ వైన్

దక్షిణ ఫ్రాన్స్‌కి వైన్ కోసం వెళ్లే మనవాళ్లు ఎక్కువగా అవిన్యోన్‌లో దిగి, షాతోనెఫ్-దు-పాప్‌లో ఒక పూట గడిపి, పేరున్న సీసా ఒకటి కొనుక్కుని తిరుగు రైలెక్కేస్తారు. షాతోనెఫ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అక్కడికి ఈశాన్యాన, కారులో అరగంట పైచిలుకు దూరంలోనే జిగొందాస్ ఉంది. చేతిలో ఉన్నది ఒక్క రోజే అయితే ఆ రోజు జిగొందాస్‌కే ఇవ్వమంటాను. రాత్రి కూడా అక్కడే ఉండగలిగితే ఇంకా మంచిది.

ఊరు చాలా చిన్నది, జనాభా వందల్లోనే ఉంటుంది. వొక్లూజ్ జిల్లాలో, ఓరాంజ్ పట్నానికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. ఊరి వెనకే దాంతెల్ ద మోమిరాయ్ కొండలు. జురాసిక్ కాలంనాటి సున్నపురాయి పొరలు భూమి ఒత్తిడికి నిలువుగా లేచి, పైన రంపపు పళ్లలా మిగిలాయి. ఎత్తు చూస్తే మహా అయితే 730 మీటర్లు. అయినా చుట్టూ మైదానం కావడంతో చాలా దూరం నుంచే కళ్లకు కడతాయి. జిగొందాస్ వైన్ ఎందుకలా ఉంటుందో తెలియాలంటే ముందు ఈ కొండల్ని చూడాలి.

ప్రయాణం సంగతి ముందే చెప్పేస్తాను. పారిస్ గార్ ద లియోన్ నుంచి అవిన్యోన్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. జిగొందాస్‌కి రైలు లేదు. బస్సులు తక్కువ, పైగా వాటి వేళలు మన అవసరానికి కుదరవు. కారు తప్పనిసరి. మా బావమరిది లియోన్‌లో ఉద్యోగం చేస్తాడు, మందు ముట్టడు. "బావా, మీరిద్దరూ తాగండి, స్టీరింగ్ నాకొదిలేయండి" అని తనే తీసుకొచ్చాడు. ఇంత మంచి ఏర్పాటు అందరికీ దొరకదు. ఫ్రాన్స్‌లో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములకి చేరకూడదు. ఇక్కడి వైన్‌లో ఆల్కహాల్ 14, 15 శాతం దాకా ఉంటుంది. కాబట్టి మీరే కారు నడుపుతుంటే రుచి చూసి ఉమ్మేయండి. దానికోసం ప్రతి చోటా ఒక పాత్ర పెడతారు, ఎవరూ తప్పుగా అనుకోరు. గటగటా మింగేవాళ్లకంటే ఉమ్మేవాళ్లకే రుచి మీద శ్రద్ధ ఎక్కువని అక్కడివాళ్ల లెక్క.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి ఓరాంజ్ దగ్గర హైవే పక్కనున్న ఒక లాడ్జిలో దిగాం. ధర తక్కువే. కానీ ఏసీ పనిచేయలేదు, రిసెప్షన్‌లో రాత్రి మనిషి లేడు, కిటికీ తెరిస్తే తెల్లార్లూ లారీల హోరు. అంత దూరం వెళ్లి ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకోవడం అనవసరం. మర్నాడు జిగొందాస్‌లోనే ఒక ఇంట్లో గది తీసుకున్నాం. షాంబ్ర్ దోత్ అంటారు. ఇంటివాళ్లే గది, పొద్దున టిఫిన్ ఇస్తారు. రాతి గోడలు రెండడుగుల మందం. బయట ఎండ మండుతున్నా లోపల ఫ్యాన్ కూడా అక్కర్లేకపోయింది. మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే గది కింద అంతస్తులో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కొండల వైపు వెళ్లే దారిలో లె ఫ్లోరే అనే హోటల్ ఉంది. చెట్ల మధ్య డాబా మీద కూర్చుని కొండలు చూస్తూ భోంచేయొచ్చు. సీజన్‌లో చాలా ముందుగా బుక్ చేసుకుంటే తప్ప గది దొరకదు. పిల్లలతో వెళ్లేవాళ్లకి, సాయంత్రం పూట నాలుగు దుకాణాలు కావాలనుకునేవాళ్లకి దగ్గర్లోని కొంచెం పెద్ద ఊరు వెజోన్-లా-రొమేన్ నయం. జిగొందాస్‌లో రాత్రి ఎనిమిది దాటాక ఇద్దరు ముగ్గురు తప్ప వీధిలో కనపడరు. నాకు అది బాగా నచ్చింది.

వైన్ రుచి చూడడానికి ఎవరైనా సరే ఊరి చావడి లాంటి ఆ చిన్న కూడలిలో ఉన్న కావో దు జిగొందాస్‌తోనే మొదలుపెట్టాలి. ఇది అక్కడి రైతుల సంఘం నడిపే దుకాణం. పదుల కొద్దీ డొమైన్ల, అంటే సొంతంగా వైన్ చేసే తోటల, సీసాలు ఒకే చోట ఉంటాయి, తోట దగ్గర ఏ ధరో ఇక్కడా అదే ధర, రుచి చూడడానికి డబ్బు తీసుకోరు. బుడ్డి సీసాల్లోంచి కొంచెం కొంచెంగా పోస్తారు. కౌంటర్ దగ్గరున్న ఆవిడ మమ్మల్ని మొదట అడిగింది మా బడ్జెట్ కాదు. "మీకు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా?" అని అడిగారు. రెండూ కావాలన్నాం. కింద ఇసుక నేలలో పండిన ద్రాక్షతో చేసింది ఒకటి, పైన కొండవాలున పండినది ఒకటి, రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకే ఏడాదివి.

మొదటిది ముక్కు దగ్గర పెట్టగానే పండిన ఎర్ర చెర్రీ వాసన. నాలుక మీద జారిపోయింది, వగరు చాలా తక్కువ. రెండోది రంగులోనే ముదురు. వాసన వెంటనే తెలియలేదు. గ్లాసు కాసేపు తిప్పాక నల్ల రేగుపండు, మిరియం, ఆ వెనక ఎండిన ఆకుల ఘాటు ఒకటి తేలింది. అది వాము వాసనలా ఉందని మా ఆవిడ వెంటనే పట్టేసింది. చుట్టుపక్కల గుట్టల నిండా అడవి థైమ్ ఉంటుంది. వాములో, థైమ్‌లో ఉండే ఘాటు పదార్థం ఒకటే, థైమోల్. మన ఇంట్లో పెరిగిన ముక్కుకి అది ఇట్టే తెలిసిపోతుంది. మింగాక చిగుళ్ల మీద వగరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఇది ఇప్పుడు తాగేది కాదు, ఆరేడేళ్లు పడుకోబెట్టాలి" అన్నారావిడ.

ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో తోటల్లో నడిస్తే తెలుస్తుంది. ఊరు కొండలకి పడమటి వైపు ఉంది. పొద్దున సూర్యుడు కొండ వెనక నుంచి పైకి రావాలి కాబట్టి పై తోటలకి ఎండ ఆలస్యంగా తగులుతుంది. రాత్రి చల్లదనం ఇంకాసేపు నిలుస్తుంది. షాతోనెఫ్ మైదానంలోని గులకరాళ్లేమో పగలంతా వేడెక్కి రాత్రి కూడా ఆ వేడిని వదులుతుంటాయి. అందుకే అక్కడికంటే ఇక్కడ ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది, కోతలు ఒక్కోసారి అక్టోబర్‌లోకి జరుగుతాయి. నెమ్మదిగా పండిన కాయలో తీపితో పాటు పులుపూ నిలుస్తుంది. జిగొందాస్ వైన్‌లో అంత ఆల్కహాల్ ఉన్నా నోటికి బరువుగా అనిపించకపోవడానికి కారణం ఆ పులుపే.

నేలలూ రకరకాలు. కింద ఎర్ర బంకమట్టి, గులకరాళ్లు. మధ్యలో ఇసుక. పైన సున్నపురాయి ముక్కలు కలిసిన మట్టి. నేను చూసిన పాత తోటల్లో తీగలకి పందిరి లేదు, ఆసరాగా కట్టిన ఇనుప తీగ కూడా లేదు. ఒక్కో మొక్కా మోకాలెత్తు మొద్దు, దాని మీంచి నాలుగైదు కొమ్మలు గిన్నె ఆకారంలో పైకి లేచి ఉన్నాయి. ఉత్తరం నుంచి ఊడ్చిపెట్టే మిస్త్రాల్ గాలికి గ్రెనాష్ అనే ద్రాక్ష రకం కొమ్మలు ఇలా ఆసరా లేకుండా కూడా నిలబడతాయి. ఆ గాలి మనిషికి చిరాకు తెప్పిస్తుంది, టోపీ నిలవనివ్వదు. కానీ వాన పడ్డాక గుత్తుల్ని వెంటనే ఆరబెట్టేదీ, బూజు పట్టకుండా కాపాడేదీ అదే.

ఈ వైన్‌లో సగానికి తగ్గకుండా గ్రెనాష్ ఉండాలని నిబంధన. దానికి సిరా, మూర్వెద్ర్ ద్రాక్ష రకాలు తోడవుతాయి. హెక్టారుకి దిగుబడి 36 హెక్టోలీటర్లకే (3,600 లీటర్లు) పరిమితం. గ్రెనాష్‌కి గాలి తగిలితే త్వరగా పాడయ్యే గుణం ఉంది. అందుకే ఇక్కడ చాలామంది కొత్త చెక్క పీపాల జోలికి పోకుండా సిమెంటు తొట్లలో, పెద్ద పాత పీపాల్లో నిల్వ చేస్తారు. చెక్క వాసన అడ్డం రాని ఆ పాత పద్ధతి సీసాలే నాకు ఎక్కువ నచ్చాయి. కొత్త ఓక్ చెక్క పీపాల్లో పెట్టిన ఖరీదైన సీసాలు కొన్ని రుచి చూశాం. అవి ఏ దేశంవైనా కావచ్చు అనిపించింది, జిగొందాస్ వాటిలో కనపడలేదు.

ఊరి చరిత్రలో 1956 ఫిబ్రవరిది పెద్ద మలుపు. అప్పటిదాకా ఈ వాలుల్లో ఆలివ్ చెట్లు కూడా విస్తారంగా ఉండేవి. ఆ నెల పట్టిన గడ్డమంచుకి అవి నిలువునా చచ్చాయి. చాలామంది రైతులు ఆ నేలల్లో ద్రాక్ష వేశారు. అలా నష్టంలోంచి లేచిన ఊరికి 1971లో సొంత అప్పెలాసియోన్ హోదా, అంటే తన పేరు మీదే వైన్ అమ్ముకునే చట్టబద్ధమైన హక్కు, దక్కింది. అంతకుముందు దాకా దీని వైన్ కోత్-దు-రోన్ విలాజ్ అనే ఉమ్మడి పేరు మీదే అమ్ముడుపోయేది. ఇప్పుడు సుమారు 1,200 హెక్టార్ల తోటలు. దాదాపు అంతా రెడ్, కొంచెం రోజే అనే గులాబీ రంగు వైన్. 2023 పంట నుంచి వైట్‌కీ అనుమతి వచ్చింది, అందులో క్లెరెత్ ద్రాక్షదే పైచేయి. అది కూడా రుచి చూశాం. బాగుంది, కానీ ఇక్కడిదాకా వచ్చి కొనాల్సింది అది కాదు.

కావో తర్వాత ఒకటి రెండు డొమైన్లకి వెళ్లండి, చాలు. ఫోన్ చేసి సమయం తీసుకోవాలి. పన్నెండు నుంచి రెండు దాకా ఎవరూ తలుపు తీయరు. మేం సమయం తీసుకుని వెళ్లిన ఒక చోట మాటైనా చెప్పకుండా తాళం వేసుకుని పోయారు, అలాంటివీ ఎదురవుతాయి. ఊరి బయట శాతో ద సాన్-కోమ్‌ని మాత్రం వదలొద్దు. రాతిలో తొలిచిన గాలో-రోమన్ కాలపు తొట్లు అక్కడ ఉన్నాయి. ఆ ఆస్తి 1490 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. పక్కనే మధ్యయుగపు రోమనెస్క్ కాలం నాటి చిన్న ప్రార్థనా మందిరం, చుట్టూ పాత తీగలు. కంపెనీ వైన్లు కొని తాగే మనలాంటివాళ్లకి, ఒకే నేలని అన్ని తరాలు నమ్ముకుని ఉండడం అంటే ఏమిటో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

పక్క ఊళ్లలో వకేరాస్‌కి 1990లో హోదా వచ్చింది. అక్కడి రెడ్ కొంచెం ముతక, ధర తక్కువ, రోజువారీ భోజనానికి బాగా సరిపోతుంది. బోమ్-ద-వెనీజ్ తీపి మస్కట్ వైన్‌కి ప్రసిద్ధి. రెడ్ తాగనివాళ్లు ఇంట్లో ఉంటే అదొక సీసా తీసుకోండి. షాతోనెఫ్‌లో వీధి పొడవునా రుచి చూపించే దుకాణాలు, పిలుపులు. మంచి వైన్ అక్కడా ఉంది గానీ, అదే డబ్బుకి జిగొందాస్‌లో ఇంకా మంచిది వస్తుంది. ఇక్కడ 20 యూరోల చుట్టూ మొదలవుతుంది. 30 లోపు పెడితే పదేళ్లు నిలిచే సీసా దొరుకుతుంది.

తిండి గురించి. మాంసం తినేవాళ్లకి ఇబ్బంది లేదు. వేట మాంసం పులుసు ముక్కలు ఈ వైన్‌తో ఎంత బాగుంటాయో చెప్పలేను. మా ఆవిడ శాకాహారి. మేకపాల చీజ్, రాతాతూయ్ అనే వంకాయ-టమాటా కూర, బీన్స్‌తో చేసే పిస్తూ సూప్‌తో తనకి బాగానే గడిచింది. బ్రెడ్ మీదకి ఇచ్చే నల్ల ఆలివ్ పచ్చడి తాపెనాద్‌లో మామూలుగా ఆంకోవీ చేప కలుపుతారు, అడగకుండా నోట్లో పెట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు. చలికాలంలో చాలా హోటళ్లు అసలు తెరవరు. మే, జూన్ లేదా సెప్టెంబర్ మంచి కాలం.

వైన్ మానేసిన గంటల్లో పై ఊరికి ఎక్కండి. పాత కోట గోడలు, సాంత్ కాతరీన్ చర్చి, దాని ముందు నిలబడితే కింద రోన్ మైదానమంతా పరుచుకుని ఉంటుంది. ఓపికుంటే అక్కణ్నుంచి కోల్ దు కేరోన్ దాకా కాలిబాట ఉంది. మంగళవారం అయితే పొద్దున్నే వెజోన్ సంతకి వెళ్లండి. అక్కడి రోమన్ వంతెన 1992 సెప్టెంబర్‌లో ఊవెజ్ నది వరదకి చుట్టూ ఇళ్లు కొట్టుకుపోయినా నిలబడింది. ఆ వరదలో పదుల మంది చనిపోయారు.

ఇండియాకి తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. మూడోది పరిమితి దాటుతుంది. చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. ఆరేడేళ్లు దాచాల్సిన సీసా తెచ్చి మన ఎండాకాలంలో వంటింటి అలమారాలో పెడితే వేడికి పాడైపోతుంది. వైన్ ఫ్రిజ్ లేనివాళ్లు ఇసుక నేలలో పండిన మెత్తటి రకం కొనుక్కుని, వచ్చే చలికాలంలోపే తాగేయడం మంచిది. తాగే ముందు మామూలు ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీయండి. ముప్పై డిగ్రీల గదిలో అలాగే పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప చెర్రీ వాసన ఏదీ తెలియదు.