స్ప్రింగ్ నోస్ వెయిట్ గేజ్: కొనొచ్చు, కానీ గుడ్డిగా నమ్మొద్దు

ఒక గొట్టంలో ఇంకో గొట్టం, లోపల బలమైన స్ప్రింగ్, పైన చిన్న కప్పు, కింద పాదం, పక్కన కిలోల గీతలు. స్ప్రింగ్ నోస్ వెయిట్ గేజ్ అంటే ఇంతే. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. దాని ముందు కొసన ఉండే తగిలింపు, అంటే హిచ్ తల, కారు వెనకుండే గుండు (టో బాల్) మీద ఎంత బరువు మోపుతోందో చెప్పడం ఈ గేజ్ పని. ఆ బరువే నోస్ వెయిట్. బ్యాటరీ అక్కర్లేదు, సెట్టింగులు లేవు, కారవాన్ ముందు అరలో ఓ మూలన పడి ఉంటుంది. ఈ రకం గేజ్ కొనే విలువ ఉందా అంటే ఉంది. కాకపోతే డబ్బాలోంచి తీసి హిచ్ కింద పెట్టి, కనిపించిన అంకె రాసుకుని బయల్దేరేవాళ్లకి మాత్రం ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఎందుకో చెప్పాలంటే లెక్క దగ్గర మొదలుపెట్టాలి. యూరప్ తరహా కారవాన్లకు నోస్ వెయిట్, సామాన్లన్నీ సర్దాక ఉన్న అసలు బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అమెరికా తరహా ట్రావెల్ ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం. వాటి టో బార్లు (కారుకి బిగించే, టో బాల్ ఉండే కడ్డీలు), హిచ్‌లు వేరు కాబట్టి ఆ రెండు లెక్కలూ కలపకూడదు. యూరప్ లెక్కే తీసుకుంటే, నిండా సర్దిన 1400 కిలోల కారవాన్‌కి 70 నుంచి 98 కిలోలు. 28 కిలోల వెసులుబాటు ఉందనిపిస్తుంది. కానీ పై హద్దు శాతంతో తేలదు. కారు తట్టుకునే నిలువు బరువు, టో బార్ ప్లేటు మీద కొట్టి ఉండే ఎస్ విలువ (ఆ టో బార్ మోయగల నిలువు బరువు), కారవాన్ హిచ్ పరిమితి, ఈ మూడిట్లో ఏది తక్కువైతే అదే హద్దు. కారు హ్యాండ్‌బుక్‌లో 75 కిలోలని ఉంటే మీకు మిగిలింది 70 నుంచి 75. అయిదే అయిదు కిలోలు. గేజ్ అయిదు కిలోలు తప్పు చూపిస్తే ఆ వెసులుబాటు కాస్తా పోయినట్టే.

అందుకని కొన్న వెంటనే చేయాల్సిన పని, దాన్ని పరీక్షించడం. ఇంట్లో బరువు చూసుకునే ముల్లు తూకం ఒకటి చాలు. తూకం మీద ఓ చెక్క ముక్క, దాని మీద గేజ్, గేజ్ మీద హిచ్. కారవాన్ బరువు రెండిటి గుండా ఒకేసారి దిగుతుంది కాబట్టి రెండూ ఒకే అంకె చూపాలి. తూకం చూపిన దాంట్లోంచి చెక్కదీ గేజ్‌దీ సొంత బరువు తీసేయండి. 40, 70, 90 కిలోల దగ్గర్లో మూడు చోట్ల సరిచూస్తే గేజ్ స్వభావం తెలిసిపోతుంది. ఎప్పుడూ నాలుగు కిలోలు తక్కువే చూపిస్తోందనుకోండి, దాని మీద మార్కర్‌తో ఆ మాట రాసేసి వాడుకోవచ్చు. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ చూపించే గేజ్‌నే తిరిగి ఇచ్చేయాలి. డిజిటల్ తూకాలు ఈ పనికి అంత అనువు కాదు. చాలావాటిలో అంకె ఒకసారి నిలబడ్డాక అక్కడే బిగుసుకుపోతుంది, లేదా మీరు వంగి చూసేలోపు ఆరిపోతుంది.

ఈ రకం గేజ్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది: గొట్టాల రాపిడి. బరువు దిగుతున్నప్పుడు రాపిడి కొంత భారాన్ని తనే మోస్తుంది, స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకోదు, అంకె తక్కువొస్తుంది. అదే బరువు తేలుతున్నప్పుడు రాపిడి స్ప్రింగ్‌ని తిరిగి లేవనివ్వదు, అంకె ఎక్కువొస్తుంది. దీనికి మందు తేలికే. గేజ్ మీద భారం పడ్డాక హిచ్‌ని చేత్తో కాస్త కిందికి నొక్కి మెల్లగా వదలండి, అంకె చూడండి. తర్వాత కాస్త పైకి లాగి మెల్లగా వదలండి, మళ్లీ చూడండి. అసలు బరువు ఆ రెండిటి నడుమ ఉంటుంది. మంచి గేజ్‌లో రెండు మూడు కిలోల తేడా వస్తుంది. పది వస్తోందంటే గొట్టం తుప్పు పట్టిందనో వంగిందనో అర్థం. గేజ్ ఒరిగి నిలబడినా ఇదే గతి. గొట్టం అంచు లోపలి గోడకి ఒత్తుకుని రాపిడి పెరుగుతుంది. చదివేటప్పుడు కన్ను గీతకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. నిలబడి పైనుంచి చూస్తే ఒక గీత అటూ ఇటూ అయిపోతుంది.

కొలిచే తీరు ఇదీ. ప్రయాణానికి పెట్టాల్సిన సామాన్లన్నీ, గ్యాస్ బండతో సహా, వాటి చోట్లలో పెట్టేయాలి. నీళ్ల ట్యాంకు దారిలో ఎలా ఉండబోతోందో అలాగే ఉండాలి. చదునైన గట్టి నేల చూసుకోండి. పచ్చిక మీద గేజ్ పాదం దిగబడుతుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. మూలల్లో ఉండే ఆసరా కాళ్లు నాలుగూ పైకి ఎత్తేశారో లేదో చూడండి. వెనక కాళ్లు దించి ఉంటే వచ్చే అంకెకి అర్థమే లేదు. లోపల మనుషులు ఉండకూడదు. జాకీ వీల్‌తో (హిచ్ దగ్గర ఉండే, తిప్పి ఎత్తి దించే చిన్న చక్రం) హిచ్‌ని పైకి లేపి, గేజ్ పై కప్పుని బాల్ కూర్చునే గుంటలోకి సరిగ్గా పెట్టి, జాకీ వీల్‌ని నేల వదిలేదాకా మెల్లగా తిప్పండి. చక్రం కింద వేలు పట్టేంత సందు వస్తే చాలు. ఇంకా పైకి ఎత్తితే గేజ్ జారినప్పుడు హిచ్ ధడేలున కిందపడుతుంది. కాలు మాత్రం హిచ్ కింద పెట్టొద్దు.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. లోడుతో, మనుషులతో ఉన్న కారు టో బాల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుచుకుని, గేజ్ మీద హిచ్ కూడా అదే ఎత్తులో ఉన్నప్పుడు అంకె చదవాలి. యూరప్ ప్రమాణం ప్రకారం లోడుతో ఉన్న కారు టో బాల్ మధ్యబిందువు 350 నుంచి 420 మి.మీ. ఎత్తులో ఉండాలి. గేజ్ అంత పొడుగు ఉండకపోవచ్చు, పైగా భారం పడేకొద్దీ కురచవుతుంది. కింద ప్లైవుడ్ ముక్కలు పేర్చి సరిచేసుకోవాలి. సర్దుబాటు చేసుకునే కాలు ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి, దానికి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. ఒంటి ఇరుసు కారవాన్‌లో ఎత్తు అయిదు సెంటీమీటర్లు మారితే అంకెలో ఒకటి రెండు కిలోల తేడాయే. జంట ఇరుసుల కారవాన్‌లో కథే వేరు. హిచ్ పైకి లేస్తే ముందు ఇరుసు తేలికై భారం వెనక ఇరుసు మీదికి పోతుంది, నోస్ వెయిట్ ఒక్కసారిగా పెరుగుతుంది. హిచ్ దిగితే తగ్గుతుంది. అదే అయిదు సెంటీమీటర్లకి పది కిలోలు దాటినా ఆశ్చర్యం లేదు. జంట ఇరుసులవాళ్లు ఎత్తు కొలవకుండా గేజ్ పెడితే ఆ అంకె దేనికీ పనికిరాదు.

అంకె వచ్చింది, 84. మీ హద్దు 75. ఏం తీయాలి? ఇక్కడ చాలామంది చేతికందిన సామాను అటూ ఇటూ మార్చి, మళ్లీ కొలిచి, మళ్లీ మార్చి అలసిపోతారు. చిన్న లెక్కతో తేలిపోతుంది. సామాను బరువుని, అది ఇరుసు నుంచి ఉన్న దూరంతో హెచ్చవేసి, ఇరుసు నుంచి హిచ్‌కి ఉన్న దూరంతో భాగించండి. హిచ్ ఇరుసుకి 4 మీటర్ల ముందు ఉందనుకుందాం. ముందు అరలో, ఇరుసుకి 3.2 మీటర్ల దూరంలో ఉన్న 10 కిలోల గ్యాస్ బండ ఒక్కటే నోస్ వెయిట్‌కి 8 కిలోలు కలుపుతుంది. ఇరుసుకి మీటరు వెనక ఉన్న ట్యాంకులో 40 లీటర్ల నీళ్లు నింపితే 10 కిలోలు తగ్గుతుంది. పాతిక కిలోల టెంటు మూటని ముందు నుంచి తెచ్చి సరిగ్గా ఇరుసు మీద పడుకోబెడితే దాని వాటా సున్నా. మన ఉదాహరణలో, ఇరుసుకి 1.5 మీటర్ల ముందున్న ఆ మూటని ఇరుసు మీదికి జరపడమే దాదాపు 9 కిలోలు తగ్గిస్తుంది. ఒక్క మార్పుతో పని అయిపోయింది.

నోస్ వెయిట్ తగ్గించడానికి వెనక బరువు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ దారి. గేజ్ ఆ తప్పుని పట్టుకోలేదు, దాని అసలు లోపం ఇదే. 50 కిలోలు ఇరుసుకి అర మీటరు ముందు, ఇంకో 50 అర మీటరు వెనక పెట్టండి. తర్వాత అవే రెండు మూటల్ని 2.5 మీటర్ల దూరాలకి, ముందు చివరికీ వెనక చివరికీ జరపండి. గేజ్ ఒకే అంకె చూపిస్తుంది. కానీ పక్కకి తిరగడాన్ని అడ్డుకునే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఆ మూటల వాటా 25 నుంచి 625కి పోతుంది, అంటే 25 రెట్లు. పొడుగు బరువైన గడ కర్ర మధ్యలో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, మొదలుపెట్టడం ఎంత కష్టమో ఆపడమూ అంతే కష్టం. లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు మొదలైన ఊగులాట, బరువులు చివరల్లో ఉంటే ఆగదు. వేగం ఒక హద్దు దాటితే ఊపు తగ్గడం మానేసి పెరుగుతూ పోతుంది. బరువైనవి కింద, ఇరుసు దగ్గర. పై అరల్లో దుప్పట్లు, దిండ్లు లాంటి తేలికవే. ఇది పాటించాక మిగిలిన కొసరు సర్దుబాటుకే గేజ్.

గేజ్ చెప్పనివి ఇంకా ఉన్నాయి. కారవాన్ మొత్తం బరువు చెప్పదు, దానికి వేబ్రిడ్జి కావాల్సిందే. ఎడమ చక్రం మీద ఎంత, కుడి చక్రం మీద ఎంతో చెప్పదు. కారు మీద పడే అసలు ప్రభావమూ చెప్పదు. టో బాల్ వెనక ఇరుసుకి 1.1 మీటర్లు వెనక ఉండి, కారు చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లైతే, 80 కిలోల నోస్ వెయిట్ వెనక ఇరుసు మీద దాదాపు 113 కిలోలవుతుంది, ముందు ఇరుసు మీంచి 33 కిలోలు లేచిపోతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో తడి ఎత్తుల మీద చక్రం జారడానికి ఇదొక కారణం.

పోటీలో ఉన్నవాటి మాట. ముల్లు తూకం, కొలత ప్రకారం కోసిన చెక్క దుంగ కలిపితే కచ్చితత్వంలో గేజ్‌కి తీసిపోదు, చాలాసార్లు మెరుగు. మోసుకెళ్లడమే ఇబ్బంది. అంకెలు కనిపించే జాకీ వీల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, చక్రం బాల్ కన్నా వెనక ఉంటుంది కాబట్టి దాని మీద పడే భారం ఎప్పుడూ ఎక్కువే. ఇరుసుకి 4 మీటర్ల దూరంలో ఉన్న బాల్ మీద 70 కిలోలుంటే, 3.5 మీటర్ల దగ్గరున్న జాకీ వీల్ మీద 80. మీ కారవాన్ కొలతలతో ఒకసారి సరిచూసుకోకుండా దాన్ని నమ్మకూడదు. బరువైన అమెరికా తరహా ట్రైలర్లకు స్ప్రింగ్ గేజ్ అసలు పనికిరాదు, వాటి బరువుకి స్ప్రింగ్ అడుగంటిపోతుంది. వాళ్లకి హైడ్రాలిక్ గేజ్ లాంటిది కావాలి.

వాడకంలో ఇంకొక్క జాగ్రత్త. మామూలు హిచ్‌కి గ్రీజు ఉంటుంది, రాపిడి ప్యాడ్లున్న స్టెబిలైజర్ హిచ్‌కి అసలు అంటకూడదు. గ్రీజు హిచ్‌లో పెట్టిన గేజ్ కప్పునే తుడవకుండా స్టెబిలైజర్ హిచ్‌లో పెడితే ప్యాడ్లు జారుడు పడతాయి, ఊగులాటని పట్టి ఉంచే శక్తి పోతుంది. అరువు తెచ్చుకునే గేజ్‌లతో ఈ తంటా ఎక్కువ. కప్పుకి ప్లాస్టిక్ తొడుగున్న మోడల్ తీసుకుని, ప్రతిసారీ స్పిరిట్ గుడ్డతో తుడవండి. గొట్టం సందులో నీళ్లు నిలవకుండా తలకిందులుగా పెట్టి దాచండి, స్ప్రింగ్ మీద ఏ భారమూ లేకుండా. ప్రతి సీజన్ మొదట్లో ముల్లు తూకంతో ఇంకోసారి పోల్చి, మార్కర్ అంకె మారితే మార్చుకోండి.