తొమ్మిదేళ్ళుగా అటకెక్కని సోలార్ కుక్కర్

2016 అక్టోబరులో, వానలు వెనుకపట్టిన వారంలో, మల్కాజిగిరిలోని మా ఇంటి డాబా మీదికి పెట్టె తరహా సోలార్ కుక్కర్ ఒకటి చేరింది. పెద్ద సూట్‌కేసంత పెట్టె, లోపల నల్లరంగు పూసిన అల్యూమినియం తొట్టె, మూతలున్న నాలుగు నల్ల గిన్నెలు, పైన రెండు వరుసల గాజు, మూతకు లోపలివైపు అద్దం, ఇంతే దాని నిర్మాణం. ధర నాలుగు వేల రూపాయల లోపే పడింది. కొన్న రోజున నన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే, ఇది ఎన్నాళ్ళకు అటకెక్కుతుందని. ఎందుకంటే నా చిన్నతనంలో వరంగల్‌లోని మా పెదనాన్నగారి ఇంట్లో అచ్చం ఇలాంటి పెట్టె ఒకటి పాత ట్రంకుపెట్టెల పక్కన అటక మీద ఉండేది. 1980లలో కేంద్ర ప్రభుత్వం రాయితీ ఇచ్చి ఇళ్ళకు చేర్చిన కుక్కర్లలో అదొకటి. దేశంలో ఇలాంటి పెట్టెలు ఆరు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. వాటిలో ఎన్నింటి మీద రోజూ అన్నం ఉడికిందన్నది ఆ లెక్కలో కనబడదు.

ఇప్పుడు మళ్ళీ ప్రపంచమంతటా సౌర వంట పరికరాల వ్యాపారం ఊపందుకుంటున్నది కనుక, తొమ్మిదేళ్ళ వాడకంలో నాకు తెలిసినది కొనబోయేవారికి వివరంగా చెప్పాలనిపించింది. పెట్టెలే కాదు, గొడుగును తిరగేసినట్లుండే డిష్‌లు, రెండు పొరల మధ్య గాలి తీసేసిన గాజు గొట్టాల కుక్కర్లు, మడతపెట్టి సంచిలో పెట్టుకునే రేకులు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీటి ప్రకటనలన్నీ ఎన్ని డిగ్రీల వేడి వస్తుందో పెద్ద అక్షరాలతో చెబుతాయి. ఇంటి వంటకు ఆ అంకెతో పెద్దగా పని లేదని నా అనుభవం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో నీళ్ళున్నంతసేపు పప్పు అంతకు మించి వేడెక్కదు. మే నెలలో ఖాళీ పెట్టెలో థర్మామీటరు పెడితే 130 డిగ్రీలు చూపింది, గిన్నెలు పెట్టాక అది వంద దగ్గరికి దిగివచ్చి అక్కడే నిలిచింది. అసలు చూడవలసినది పెట్టెలోకి ఎంత ఎండ దిగుతున్నదన్నది. నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల ఎండ పడుతుంది. మా పెట్టె నోరు పావు చదరపు మీటరు, కనుక అద్దం తోడ్పాటు కలిపినా దానికి అందేది మూడు నాలుగు వందల వాట్లే. గ్యాస్ పొయ్యి పెద్ద మంట మీద రెండు కిలోవాట్ల దాకా ఇస్తుంది. అరగంట పని ఇక్కడ రెండు గంటలు పట్టడానికి కారణం ఇదే కాని, యంత్రంలో లోపం కాదు.

ఆ రెండు గంటలూ ఎవరూ దగ్గర నిలబడనక్కరలేదు. ఉదయం పదింటికి బియ్యం, పప్పు, ఒక కూర, ఒక గిన్నెలో చింతపండుకు వేడినీళ్ళు పెట్టి, పెట్టెను ఎండకు తిప్పి దిగివస్తాను. మధ్యలో ఒక్కసారి పైకి వెళ్ళి కొంచెం తిప్పితే చాలు. మొదటి రోజు మా అత్తయ్యగారు “ఎసరు పెట్టకుండా అన్నమెట్లయితదమ్మా?” అని అడిగారు. నిజమే, ఇందులో బియ్యం, చన్నీళ్ళు కలిపే పెట్టేస్తాము. ఆవిరి బయటికి పోదు కనుక గ్యాస్ మీద పోసేదానికన్నా కాస్త తక్కువ నీళ్ళు చాలు, అడుగంటడం, మాడు కట్టడం అనేవే ఉండవు. అన్నం పొడిపొడిగా వస్తుంది. కందిపప్పు అరగంట నానబెట్టి పెడితే గంటన్నరలో మెదిగిపోతుంది, అయితే చింతపండు పులుసు పప్పు ఉడికాకే వేయాలి, ముందే వేస్తే గట్టిగానే ఉండిపోతుంది. రాత్రంతా నానిన శనగలకు రెండున్నర గంటలు, మటన్‌కు ఎండ బాగున్న రోజున మూడున్నర గంటలు పడుతుంది. మటన్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాద్ వంటలో దమ్ పెట్టడమంటే మూత బిగించి సన్నని సెగ మీద సొంత రసంలోనే మగ్గనివ్వడం. ఈ పెట్టె చేసేది సరిగ్గా అదే. చిలగడదుంపలు నీళ్ళు లేకుండా పెట్టి తీసి చూడండి, ఉడికించినవాటికన్నా తీపి ఎక్కువ. పల్లీలు, బొంబాయి రవ్వ కూడా వేగుతాయి.

కుదరనివి కూడా ఉన్నాయి. పోపు వేయలేము. రొట్టెలు, దోసెలు, వేపుళ్ళు, పూరీలు అసలే కుదరవు. అందుకని సోలార్ కుక్కర్ కొని గ్యాస్ మానేస్తామనుకోవడం పొరపాటు. మా నలుగురికి 14.2 కిలోల సిలిండరు ఇదివరకు 35 రోజులు వచ్చేది, ఎండల కాలంలో ఇప్పుడు 48 నుంచి 50 రోజులు వస్తున్నది. ఉదయం టిఫిన్, సాయంత్రం చాయ్, రాత్రి వంట గ్యాస్ మీదే. ఉదయం ఎనిమిదిన్నరకే డబ్బాలు కట్టి పంపవలసిన ఇంట్లో ఈ పెట్టె వల్ల ఉపయోగం తక్కువ. మధ్యాహ్న భోజనం ఇంట్లో చేసేవారు కనీసం ఇద్దరైనా ఉండాలి.

వంట మొదలైన తరువాత మబ్బు పడితే ఏం చేయాలో కూడా ముందే అనుకొని ఉండాలి. సగం ఉడికిన పప్పు, మాంసం గోరువెచ్చగా గంటల తరబడి నిలిచి ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదు, 60 డిగ్రీలకు దిగువన సూక్ష్మజీవులు పెరుగుతాయి. అరగంటలో ఎండ తిరిగి రాకపోతే నేను గిన్నెలు దింపి గ్యాస్ మీద పూర్తి చేస్తాను. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా వారానికి ఒకటి రెండు రోజులకు మించి దీన్ని నమ్ముకోలేదు.

కొనేవారు వానకాలం గురించి అడుగుతారు కాని నీడ గురించి అడగరు. మా ఇంటికి దక్షిణంగా 2020లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, అది మా డాబా కన్నా 12 మీటర్లు ఎత్తు. హైదరాబాద్‌లో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, కాబట్టి ఆ భవనం నీడ పది మీటర్లకు పైగా మా మీద పరుచుకుంటుంది. చలికాలంలో ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా ఆ మూల వంట కాదు. అప్పటి నుంచి నవంబరు, జనవరిల మధ్య పెట్టెను ఉత్తరం పిట్టగోడ పక్కకు మారుస్తున్నాము. ఎండాకాలంలో తీరు వేరు. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆగస్టు 3 దాకా కొద్దిగా ఉత్తరానికి జరిగి ఉంటాడు, ఆ రోజుల్లో దక్షిణానికి చూపిన అద్దం వల్ల లాభం లేదు, ఎండను చూసుకొని తిప్పుకోవాలి. కొనే ముందు డిసెంబరులో ఒకరోజు పది నుంచి రెండింటి దాకా మీ డాబా మీద ఏ మూల నీడ పడని చోటు ఉందో గమనించండి. ఈ ఒక్క పని చేస్తే చాలామందికి డబ్బు మిగులుతుంది.

ఇక మరమ్మతులు. ఇక్కడ నాకు బాధ కలిగింది. రెండో ఏడాదికే గాజు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండకు పగిలి ముక్కలైంది. ఆవిరి బయటికి పోతుంటే అన్నానికి మూడు గంటలు పట్టసాగింది. అమ్మిన దుకాణం వారికి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆగిపోయిందని, విడి భాగాలు లేవని చెప్పారు, కొత్తది కొనుక్కోమన్నారు. నలభై రూపాయల రబ్బరు కోసం నాలుగు వేల వస్తువును పారేయమనడం నాకు మింగుడుపడలేదు. రాణిగంజ్‌లో రబ్బరు సామాను అమ్మే వీధిలో సగం రోజు తిరిగితే వేడికి తట్టుకునే సిలికాన్ పట్టీ మీటర్ల లెక్కన దొరికింది, దాన్ని కోసి అతికించాము, అది ఆరేళ్ళు నిలిచింది. మూడో వానకాలానికి మూత అద్దం అంచుల నుంచి నల్లబడింది, అద్దాల దుకాణంలో కొలత ఇచ్చి కొత్తది కోయించి వెనుక రంగు వేయించాను. వేడి గాజు మీద చన్నీళ్ళు చింది లోపలి గాజు పగలడం నా పొరపాటు. దాని స్థానంలో టఫెన్డ్ గాజు వేయించాము. గిన్నెల మీది నల్లరంగు మాత్రం రెండేళ్ళకొకసారి వేయవలసిందే, అదీ బయటివైపే, లోపల వేయకూడదు. చుట్టుపక్కల ఇళ్ళ కట్టడాల దుమ్ము వల్ల రోజూ గాజు తుడవాలి, తుడవని రోజున వంట పావుగంట ఆలస్యమవుతుంది.

వరంగల్ అటక మీది పెట్టె ఎందుకు అక్కడికి చేరిందో మా పెద్దమ్మను ఈ మధ్య అడిగాను. వంట నచ్చక కాదు, గాజు పగిలితే బాగుచేసేవారు దొరకలేదని ఆమె చెప్పింది.

పెద్ద ఎత్తున సౌర వంట సాగిన చోట్లు చూసినా ఇదే తేలుతుంది. తిరుమలలో 2002లో ఎండను ఒకచోటికి మళ్ళించే 106 షెఫ్లర్ డిష్‌లు అమర్చి, వాటి వేడితో ఆవిరి పుట్టించి రోజుకు 15 వేల మందికి వండే ఏర్పాటు చేశారు. సూర్యుడి వెంట తిరిగే ఆ డిష్‌లను చూసుకోవడానికి మనుషులు ఉండాలి. కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో 1995 నుంచి సోలార్ కుకర్స్ ఇంటర్నేషనల్ సంస్థ అట్ట, మెరిసే రేకుతో చేసిన కుక్కర్లను పంచింది. నల్ల గిన్నెను ప్లాస్టిక్ సంచిలో పెట్టి వండటం ఆ పద్ధతి, అట్ట చెడిపోతే అక్కడే ఇంకొకటి చేసుకోవచ్చు. కట్టెల కోసం శిబిరం దాటి వెళ్ళే ఆడవారికి అది ఎంత ఊరటో ఊహించవచ్చు. నేటికీ ప్రపంచంలో సుమారు 210 కోట్ల మంది కట్టెలు, పిడకలు, కిరోసిన్ మీదే వండుతున్నారు. ఆ పొగ వల్ల ఏటా లక్షల మంది చనిపోతున్నారు. ఈ వ్యాపారం పెరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకునేది వారిని తలుచుకొనే. అందుకే విడి భాగాలు లేని యంత్రాలు అమ్మడం చూస్తే కోపం వస్తుంది.

నగరాల్లో ఈ పెట్టెకు అసలైన పోటీ డాబా మీది సోలార్ పలకలు, వంటింట్లో ఇండక్షన్ పొయ్యి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తున్నది. ఇండియన్ ఆయిల్ రూపొందించిన సూర్య నూతన్ పొయ్యి ఎండ నుంచి వచ్చే శక్తిని వేడిగా నిల్వ చేసుకొని వంటింట్లోనే వండేలా తయారైంది. పలకలు పెట్టించుకునే స్తోమత ఉన్నవారికి పెట్టె కొనమని నేను చెప్పను. మూడు నాలుగు వేలలో సరిపెట్టుకోవలసినవారికి, సొంత డాబా ఉన్నవారికి, మధ్యాహ్నం ఇంట్లో వండుకునేవారికి మాత్రం ఇప్పటికీ పెట్టెనే చెబుతాను. గొట్టాల కుక్కరు చలిగాలికి బాగా తట్టుకుంటుంది కాని సన్నని గొట్టంలో నలుగురికి అన్నం ఎలా వండుతాము? డిష్ వేగంగా వండుతుంది, పోపు కూడా వేయవచ్చు, కాని పావుగంటకొకసారి తిప్పాలి, దాని మెరుపు కంటికి ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో నేను పెట్టను.

మా పెట్టె అడుగున వేడి బయటికి పోకుండా నింపిన గ్లాస్‌వూల్ మొన్నటి వానల్లో తడిసి ముద్దయింది, ఒక వైపు గోడ చేతికి వేడిగా తగులుతున్నది. అక్టోబరులో వానలు తగ్గగానే అడుగు రేకు విప్పి, కొత్త ఊలు నింపి, అంచులకు సీలెంటు వేయించాలి. దానికి కావలసిన రేకు మరలు ఇప్పటికే తెచ్చి పెట్టుకున్నాను.