పన్నెండేళ్లు నడిపిన అతుకుల జీపు: ముందు యాక్సిల్ లెక్క వేరు, వెనకదాని లెక్క వేరు

2012లో ఈ జీపు అమ్మినాయన "రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి" అని మరీ మరీ చెప్పాడు. చూపించడానికి సరుకూ ఉంది. బోల్టులు విప్పితే రెండు ముక్కలయ్యే మిలిటరీ రిమ్ములు, ఎఫ్ అక్షరం కొట్టిన బోల్టులు. యుద్ధకాలంలో విల్లీస్ అనే అమెరికా కంపెనీ డిజైన్ మీదే జీపులు చేసిన ఫోర్డ్ కంపెనీ తన విడిభాగాల మీద ఆ అక్షరం వేసుకునేది. ఆ బోల్టును వేలితో తడిమి చూశాక ఇక బేరమాడలేదు.

బానెట్ చూడాల్సింది. యుద్ధపు జీపు బానెట్ కిందికి, చదునుగా ఉంటుంది. తర్వాత వచ్చిన సీజే3బి మోడల్‌లో, అంటే మన మహీంద్రా చేసిన జీపులో, హరికేన్ అనే ఇంజన్ పెట్టారు. దాని ఇన్లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, అందుకే ఇంజన్ ఎత్తు పెరిగింది, దాంతో బానెట్టునూ లేపారు. నా బండిది ఎత్తు బానెట్టే. ఆర్.సి.లో ఉన్నది కూడా మహీంద్రా, 1967 మోడల్. నెంబర్లు ఛాసిస్‌తో, ఇంజన్‌తో సరిపోయాయి. నా అదృష్టమల్లా అదే.

అసలు సంగతి ముందు యాక్సిల్‌లో ఉంది. కొనేటప్పుడు చెరువు శిఖంలో, బురదలో ఫోర్ వీల్ వేసి, అంటే ముందు చక్రాలు కూడా లాగేలా లివర్ వేసి చూపించారు, బ్రహ్మాండంగా లాగింది. ములుగు దగ్గర మా పొలానికి పోయే మొరం రోడ్డు మీద వేస్తే మాత్రం స్టీరింగ్ బిగుసుకునేది, టైర్లు అరిగేవి, లివర్ వెనక్కి రావాలంటే బండి రివర్స్ కొట్టాల్సి వచ్చేది. ఏడాదిన్నర గేరు డబ్బానే అనుమానించి రెండుసార్లు విప్పించాను. చివరికి వరంగల్‌లో ఒక పాత ఉస్తాద్ జాకీలు పెట్టి లేపి, ఒక చక్రం నన్ను పట్టుకోమని, రెండో చక్రం సరిగ్గా రెండు చుట్లు తిప్పి, గేరు డబ్బా నుంచి యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దగీతతో లెక్కపెట్టాడు. వెనక అయిదుంబావు దాటింది. ముందు అయిదు కూడా నిండలేదు.

"బేటా, ఒక ఎద్దు ఉరుకుతాంది, ఒకటి నడుస్తాంది. కాడి ఇరగదా మరి?" అన్నాడు.

విప్పితే ముందు యాక్సిల్‌లోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్‌కు 39 పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కు 8. 39ని 8తో భాగిస్తే 4.88, యుద్ధపు జీపు లెక్క. వెనక 43కు 8, అంటే 5.38, మహీంద్రా లెక్క. వెనక చక్రం 10 చుట్లు తిరిగేలోపు ముందుది 11 తిరగాలని చూస్తుంది. బురదలో చక్రం జారుతుంది కాబట్టి తేడా తెలియదు, గట్టి నేల మీద ఆ బరువంతా గేర్ల మీదే పడుతుంది. యాక్సిల్ బయటి నుంచి ఒకేలా ఉంటుంది, ఇట్టే అమరుతుంది. ఎవరో మిలిటరీ వాళ్లు అమ్మేసిన డిస్పోజల్ సరుకులో దొరికింది తెచ్చి బిగించారు, పళ్లు లెక్కపెట్టలేదు.

ముందు కూడా 43కు 8 సెట్టే వేయించాను. అప్పటి నుంచి ఈ బండి మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. లీటరుకు 8 కిలోమీటర్లిస్తుంది, నిజమే. మేడారం జాతరప్పుడు పస్రా నుంచి తాడ్వాయి దాకా బండ్ల వరుసలో పాకుతూ పోతే రేడియేటర్ ఉడుకుతుంది. కానీ వడ్ల బస్తాలతో వానాకాలం పొలం గట్టు ఎక్కుతుంటే దీని ముందు కొత్త బండ్లు ఆగవు.

ఇలాంటి బండికి ధర కట్టేవాళ్లకు నా మాట. ముందు కాగితాలకు, ఛాసిస్ నెంబరుకు ధర కట్టండి. తర్వాత ముందూ వెనకా యాక్సిళ్ల పళ్ల లెక్క కలిసిందా చూడండి. యుద్ధపు సామాను ఉంటే ఆ ముక్కకే విడిగా డబ్బివ్వండి, నాలుగు బోల్టులు చూసి బండి మొత్తానికి ఇవ్వకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయలు కట్టి వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు ఉండకూడదు. అతుకుల బండి అక్కడ ఆగిపోవచ్చు. పైగా ఆ నెంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. నాకు పొలం పని ఉంది, అందుకే ఆ జోలికి పోలేదు.

తీసేసిన 39 పళ్ల క్రౌన్, పినియన్ గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి ఉంచాను. అసలైన యుద్ధపు జీపును నిలబెడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే యాక్సిల్‌తో సహా ఇస్తాను. పైసలొద్దు, బదులుగా మంచి మహీంద్రా ముందు యాక్సిల్ తెస్తే చాలు.