బగ్గీకి వెనక డిస్క్ బ్రేకులు: "అన్నీ డబ్బాలోనే ఉంటాయి" అనే కిట్లతో జాగ్రత్త

అమెరికాలో ఉంటూ, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసీ మీద కట్టిన డ్యూన్ బగ్గీ (ఇసుక దిబ్బల్లో తిప్పే తేలికపాటి బండి) కొనుక్కున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెనక డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కు బ్రేకులు వేద్దామని ఆన్‌లైన్‌లో కిట్లు చూస్తుంటే, డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు వచ్చిన కిట్‌ని వచ్చింది వచ్చినట్టు బిగించి ఉంటే బ్రేకులు లేని బండి తయారయ్యేది. రిఫండ్ గొడవ ఇంకా తేలలేదు కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదనుకోండి, అవే ఫొటోలతో ఇంకో రెండు మూడు పేర్ల మీద అదే సరుకు కనిపిస్తోంది.

డిస్కులు ఎందుకంటే, ఇసుక. కాలిఫోర్నియాలోని గ్లామిస్ దిబ్బల్లో తిరిగొస్తే డ్రమ్ములో ఇసుక చేరి షూలను (డ్రమ్మును లోపలినుంచి ఒత్తి ఆపే ముక్కలను) అరగదీస్తుంది, తడిస్తే ఆరేదాకా పట్టు ఉండదు. డిస్కు బయటే తిరుగుతుంది కాబట్టి ఇసుకనీ నీళ్లనీ విదిలించేస్తుంది. ఆ మాట నిజమే, అందుకే కొన్నాను.

ప్రకటనలో "అన్ని బీటిల్ బగ్గీలకూ సరిపోతుంది, నట్టు విప్పి బిగించడమే" అని ఉంది. అసలు ఆ "అన్ని" దగ్గరే అనుమానించాలి. అమెరికాకు వచ్చిన బీటిల్స్‌లో 1967 మోడల్ దాకా చక్రానికి ఐదు బోల్టులు, 1968 నుంచి నాలుగు. వెనక ఇరుసు అమరిక చూస్తే, 1968 దాకా దాదాపు అన్నిటికీ స్వింగ్ యాక్సిల్, 1969 నుంచి ఐఆర్‌ఎస్ అనే ఇంకో రకం. స్వింగ్ యాక్సిల్‌లో మళ్లీ పొట్టి, పొడుగు రెండు రకాలు. బగ్గీల్లో ఇంకో తంటా: పేపర్ల మీద ఒక సంవత్సరం ఉంటుంది, వెనక గేర్‌బాక్స్ ఇంకో సంవత్సరానిది ఉంటుంది. మీ బండి వివరాలు ఏవీ అడక్కుండా కిట్ పంపేవాడికి ఈ తేడాలు తెలియవు, లేదా పట్టవు.

డబ్బా విప్పితే రెండు కాలిపర్లూ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు) ఒకే వైపువి. చూడ్డానికి బాగానే ఉంటాయి, రెండు వైపులా బోల్టులూ పడతాయి. కానీ ఒకవైపు గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైకి చేరుతుంది కాబట్టి నిపుల్ పైనే ఉండాలి. కింద ఉంటే ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (గాలి తీసినా) లోపల గాలి మిగిలే ఉంటుంది, పెడల్ మెత్తగా దిగిపోతూనే ఉంటుంది. పెడల్ గట్టిపడక బాధపడుతున్నవాళ్లు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) మార్చే ముందు నిపుల్ ఎటువైపు ఉందో చూసుకోండి.

అసలు ప్రమాదం గొట్టాల దగ్గర. ఫోక్స్‌వ్యాగన్ బ్రేక్ లైన్ల నట్లకు 10 మిల్లీమీటర్ల మెట్రిక్ థ్రెడ్, 1 మిల్లీమీటర్ పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం). కిట్‌లో వచ్చిన హోసులకు (వంగే గొట్టాలకు) 3/8 అంగుళాల అమెరికన్ థ్రెడ్, అంటే 9.5 మిల్లీమీటర్ల చిల్లర. అంగుళానికి 24 చుట్లు కాబట్టి పిచ్ కూడా దాదాపు అంతే. తేడా అంత సన్నం కాబట్టి ఒకటి ఇంకొకదానిలో ఎక్కినట్టే ఎక్కుతుంది. చేత్తో తిప్పితే తిరుగుతుంది, పానా పెడితే కాస్త పట్టినట్టూ ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఊడొస్తుంది. పైగా లైను చివర (దాన్ని ఫ్లేర్ అంటారు) గుండ్రంగా ఉబ్బి ఉండే రకం జర్మన్ బళ్లది, లోపలికి మడిచి గరాటులా ఉండేది అమెరికన్ బళ్లది. ఒకదాని సీటులో ఇంకొకటి కూర్చోదు. అరిజోనాలోని మీసా ఊళ్లో పాత ఫోక్స్‌వ్యాగన్ల షెడ్డు నడిపే పెద్దాయన నట్టును రెండు చుట్లు తిప్పి, అటూ ఇటూ ఊపి చూసి, అక్కడే పని ఆపేశారు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి." కుళాయికి చుట్టే టేపు! బ్రేక్ లైన్ కారకుండా ఆపేది ఆ ఫ్లేర్ లోహానికి లోహం ఆనుకుని కూర్చోవడమే, అక్కడ టేపుకి పనే లేదు. ముక్క తెగితే లైనులోకి పోయి దారి మూస్తుంది కూడా. ఈ సలహా ఇచ్చారంటేనే వాళ్లకు బ్రేకుల గురించి ఏమీ తెలియదని అర్థం. హోసుల మీద డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) ముద్ర కూడా లేదు. అమెరికాలో రోడ్డు బళ్లకు అమ్మే బ్రేక్ హోసు మీద ఆ అక్షరాలు ఉండి తీరాలి.

మాస్టర్ సిలిండర్ గురించి కిట్ కాగితంలో ఒక్క ముక్క లేదు. డ్రమ్ బ్రేకుల సిలిండర్లలో పెడల్ వదిలాక కూడా లైనులో కొంచెం ఒత్తిడి, చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్లు, నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డ్రమ్ముకి అది కావాలి, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్కుకి అలాంటి స్ప్రింగు లేదు. ఆ ఒత్తిడితో ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కుతాయి, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ నేలకు దిగుతుంది. వెనక లైనుకి ఆ వాల్వు తీసెయ్యాలి, లేదా డిస్కులకు సరిపడే సిలిండర్ వెయ్యాలి. ముందు డ్రమ్ములే ఉంచేవాళ్లు ముందు లైను వాల్వుని మాత్రం కదపొద్దు. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది, ఆ సర్దుబాటు గురించి కూడా అడిగి తెలుసుకోండి.

హ్యాండ్‌బ్రేక్ లేదు. ఫొటోలో కాలిపర్ మీద మీట ఉంది, డబ్బాలో వచ్చినవాటికి లేదు. ఇసుకలో మాత్రమే తిప్పేవాళ్లకు సరే, నంబరు ప్లేటు పెట్టి రోడ్డెక్కేవాళ్లు మాత్రం మీట, కేబుల్ ఉన్నాయని రాతపూర్వకంగా అడగండి.

హబ్బు (యాక్సిల్ చివర చక్రం బిగించే భాగం) లోపలి పళ్లు కూడా చూసుకోవాలి. యాక్సిల్ చివర 36 మిల్లీమీటర్ల నట్టు 217 ఫుట్-పౌండ్ల బిగువు పడుతుంది. పళ్లు వదులుగా కూర్చునే హబ్బు అయితే కొన్నాళ్లకు నమిలేసుకుని, ఇంజను తిరుగుతున్నా చక్రం కదలదు. నాకొచ్చిన ఒకటి చేత్తో ఊపితేనే టకటకమంది.

తిప్పి పంపుతామంటే రీస్టాకింగ్ ఛార్జీ (సరుకు వెనక్కి తీసుకున్నందుకు కోత), పోస్టు ఖర్చు మనదే అన్నారు. ఆ డబ్బా బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది పోస్టు ఖర్చు ఎంతో. నేను క్రెడిట్ కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. కార్డు కంపెనీ బిల్లు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా వెయ్యాలి, ఆలస్యం చేయొద్దు. డెబిట్ కార్డుతోనో, నేరుగా డబ్బు బదిలీ చేసో ఇలాంటివి కొనకండి.

డబ్బు వెనక్కి వచ్చినా రాకపోయినా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో భద్రతా ఫిర్యాదు పెట్టండి. బళ్ల మీదే కాదు, విడిభాగాల మీద కూడా తీసుకుంటారు, ఖర్చేమీ లేదు. హోసు మీద ముద్ర లేని ఫొటో, థ్రెడ్ కొలిచిన ఫొటో జతచేస్తే చాలు. నా బగ్గీకి ప్రస్తుతానికి పాత డ్రమ్ములే, కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లతో. దిబ్బల నుంచి వచ్చిన ప్రతిసారీ విప్పి దులపాలి, అంతే. ఇదే కిట్ కొని ఇంకా బిగించనివాళ్లు ఉంటే, ముందు బ్రేక్ లైన్ నట్టును రెండు చుట్లు చేత్తో తిప్పి ఊపి చూడండి.