చలికాలంలో పాత 911 ఎస్‌సీ: హీటర్ ఒక్కటే నా గొడవ

పాత పోర్షే అంటే చలి మొదలవగానే కవరు కప్పి షెడ్డులో పెట్టేయాల్సిన బండి అని చాలామంది అనుకుంటారు. నేను నడిపే 911 ఎస్‌సీ (1978 నుంచి 1983 దాకా వచ్చిన మోడల్, 3 లీటర్ల ఇంజిన్) విషయంలో నేనైతే ఒప్పుకోను. ఇంజిన్ వెనక ఇరుసుకి ఇంకా వెనకాల ఉంటుంది, బరువులో ఎక్కువ భాగం బండిని తోసే చక్రాల మీదే పడుతుంది, అందుకే మంచులో బయలుదేరడానికీ ఎత్తు ఎక్కడానికీ పెద్దగా తడబడదు. 1968, 69, 70ల్లో వరసగా, చలికాలంలో కొండ రోడ్ల మీద జరిగే మాంటే కార్లో ర్యాలీ గెలిచింది 911 కార్లే మరి.

తంటా అంతా మలుపుల్లో. ముందుభాగం తేలిక కాబట్టి గడ్డకట్టిన రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా మాట వినకుండా నేరుగా పోతుంది, అప్పుడు కంగారుపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీశామో, వెనకభాగం పక్కకి తిరిగిపోతుంది. ఏబీఎస్ లేదు. పవర్ స్టీరింగ్ కూడా లేదు కానీ అది లేకపోవడమే మంచిదనిపిస్తుంది, పట్టు తగ్గుతున్న సంగతి చేతులకి ముందే తెలుస్తుంది. వింటర్ టైర్లు మాత్రం తప్పనిసరి, ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి వస్తే సమ్మర్ టైర్ల రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది.

ఇక హీటర్. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ లేదు, కూలెంట్ గడ్డకడుతుందన్న టెన్షనూ లేదు, బాగానే ఉంది, కానీ లోపలికొచ్చే వేడి కూడా సైలెన్సర్‌కి పోయే గొట్టాల చుట్టూ ఉన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ల (ఆ గొట్టాల వేడిని గాలికి అందించే తొడుగుల) నుంచే రావాలి. ఇంజిన్ గట్టిగా తిరిగితే కాళ్లు కాలుతాయి, ట్రాఫిక్‌లో ఆగితే అద్దం మీద ఆవిరి పడుతుంది. ఎక్కడైనా ఆయిల్ కారుతుంటే ఆ వాసన నేరుగా ముక్కుకే. హీట్ ఎక్స్‌ఛేంజర్లు తుప్పుపట్టి చిల్లు పడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి రావచ్చు, దానికి వాసన కూడా ఉండదు, కాబట్టి చలికాలానికి ముందు మెకానిక్‌తో వాటిని చూపించకుండా హీటర్ వేయొద్దు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకపోతే మేలు. చల్లటి ఇంజిన్ బ్యాక్‌ఫైర్ అయితే (ఇంధనం గాలి వచ్చే దారిలోనే భగ్గుమంటే) ఇంజిన్‌కి గాలి అందించే ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్ పగలొచ్చు, అందుకే చాలామంది దానికి పాప్-ఆఫ్ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే తెరుచుకునే మూత) పెట్టించుకుంటారు. ఇంజిన్‌ని నిలబెట్టి వేడిచేయడం దండగ, మెల్లగా నడుపుతూ ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు కదిలేదాకా ఆర్‌పీఎం పెంచకుండా ఉంటే చాలు. డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజిన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) కాబట్టి ఆయిల్ చాలానే పడుతుంది, వేడెక్కడానికీ టైం పడుతుంది. ఆయిల్ ఎంతుందో చూడాలన్నా ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో నడుస్తూ ఉండగా సమతలం మీదే చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు మొరాయిస్తుంది, బలవంతం చేయకుండా నిదానంగా వేయండి.

తుప్పు పట్టకుండా బాడీకి జింకు పూత ఉంది, అయినా ఇన్నేళ్ల బండి కదా, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లిన రోజున నేను బయటికి తీయను. తప్పక తీయాల్సి వస్తే ఇంటికి రాగానే అడుగుభాగాన్ని, ముఖ్యంగా చక్రాల గుంతల్ని, నీళ్లతో బాగా కడిగేస్తాను.