బోటు అడుగుకి రాగి పెయింటు: ఏడాది వాడాక

మాది అంతర్వేది దగ్గర. చిన్న ఫైబర్ బోటు. రోజూ ఒడ్డుకి లాగం, గోదావరి వశిష్ఠ పాయలోనే కట్టేస్తాం. దాంతో అడుగంతా గుల్లలు పట్టి బోటు బరువెక్కుతుంది, ఇంజను ఆయిలు తాగేస్తుంది.

ఇన్నాళ్లూ ఇంటి గేటుకి వేసే ఎనామిలే అడుగుకీ వేశాం. లీటరు మూడొందల లోపు. దీపావళి నాటికి అప్పడాల్లా లేచిపోయేది. పోయినేడు ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే బోటు ఒడ్డెక్కించి, కాకినాడ వెళ్లి పెయింటు కింద ముందుగా పూసే ఎపాక్సీ ప్రైమరు, గుల్లలు పట్టనివ్వని, రాగి కలిసిన పెయింటు తెచ్చాం. రాగిది ఎనామిల్‌కి నాలుగింతల ఖరీదు. అయ్య రెండ్రోజులు మాట్లాడలేదు.

అసలు పని పెయింటు ముందే ఉంది. చేపల జిడ్డు పోయేదాకా సబ్బుతో, మంచినీళ్లతో కడిగాం. నీళ్లు బొట్లు బొట్లుగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. పల్చగా పరుచుకోవాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ కడిగి, ఆరబెట్టాం.

కొట్టతనికి ఒక మార్కు కోస్తాను. ప్రైమరు రెండు డబ్బాల్లో వస్తుంది, కలిపాక గబగబా వాడేయాలని చెప్పలేదు. మే ఎండలో మొత్తం ఒకేసారి కలిపాం. సగం బోటు అయ్యేసరికి డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇంకాసేపటికి బ్రష్ అందులోనే నిలబడిపోయింది. మా తమ్ముడు ఆ డబ్బాని ఇప్పటికీ తలుపుకి అడ్డం పెడుతున్నాడు. రెండోసారి కొనుక్కొచ్చి, డబ్బా మీద రాసిన పాళ్లలో గ్లాసుతో కొలిచి, పొద్దున్నే కొంచెం కొంచెం కలిపాం.

ఈ ఏప్రిల్‌లో బోటు ఎక్కించి గోరుతో గీకి చూశాను. నాచు జారింది, పెయింటు రాలేదు. గుల్లలు అసలు లేవని కాదు, నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యాను దగ్గర కొన్ని ఉన్నాయి. ముక్కు దగ్గర లంగరు తాడు రాసుకునే చోట మాత్రం ప్రైమరు బయటపడింది.

రోజూ ఇసుక మీదికి లాగే బోటైతే రాగి పెయింటు కొనకండి, ఇసుకే తినేస్తుంది. నీళ్లపై భాగానికి మేమూ ఎనామిలే వేస్తున్నాం. ఎండకి వెలిసినా ఫర్వాలేదు, పేరూ పువ్వులూ ఏటా ఎలాగూ కొత్తగా వేయిస్తాం. ఈసారి ముక్కుకి అర లీటరు సరిపోయింది. అది అయ్యే వెళ్లి తెచ్చాడు.