మా అమ్మ కేసెట్లు బాగుచేసిన కోఠి షాపు

కోఠిలో గుజరాతీ గల్లీ దగ్గర మూడో అంతస్తులో ఒక చిన్న గది. పాత ఆడియో కేసెట్లు కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇస్తారు. పనిచేసేది ఒక్కరే, అరవై దాటిన పెద్దాయన. పేరు రాయొద్దమ్మా, వచ్చిన పనే తెమలట్లేదు అన్నారు కాబట్టి రాయట్లేదు. గల్లీలో పాత టేపులు బాగుచేసే ఆయన ఎక్కడుంటారని అడిగితే చూపిస్తారు. నేను ఐదు కేసెట్లు ఇచ్చాను, నాలుగు తిరిగొచ్చాయి, ఒకటి ఇంకా ఆయన దగ్గరే ఉంది. షాపుకి ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో చెప్తాను కానీ ముందు ఆ కేసెట్లు ఏంటో చెప్పాలి, లేకపోతే ఈ నాలుగున్నరకి అర్థం ఉండదు.

కిందటేడు కార్తీకమాసంలో మా అమ్మ చనిపోయింది. దానికి నాలుగేళ్ల ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కొంచెం తేరుకుంది, మాట మాత్రం రాలేదు. ముద్దముద్దగా ఏదో అనేది, నాకూ మా మరదలికీ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. మా తమ్ముడి కొడుక్కి ఇప్పుడు ఎనిమిదేళ్లు. వాడికి తెలిసిన మామ్మ మంచం మీద కూర్చుని చేత్తో సైగలు చేసే మామ్మ. చిన్నప్పుడు మేం కాలవ అవతల ఆడుకుంటుంటే అమ్మ పెరట్లోంచి ఒక్క కేక వేస్తే మాకు వినపడేది, అదీ గొంతంటే. ఆ గొంతు వాడికి తెలీదు. నిజం చెప్పాలంటే నాకే మర్చిపోతున్నట్టు అనిపించి భయం వేసింది. మొహం గుర్తుంటుంది, ఫోటోలున్నాయి. గొంతు ఎక్కడ వెతుక్కుంటాం?

పెద్దకర్మ అయ్యాక సామాన్లు సర్దుతుంటే నాన్న పాత రేకుపెట్టెలో, పాస్‌పోర్టు కింద, ఈ ఐదు కేసెట్లు కనిపించాయి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు, అప్పట్లో తూర్పుగోదావరి, ఇప్పుడు కోనసీమ జిల్లా. మా వైపు గల్ఫ్ వెళ్లిన మనిషి లేని వీధి ఉండదు. నాన్న 1984లో తాపీపని మీద కువైట్ వెళ్లాడు. నాన్నకి చదువు రాదు. ఉత్తరం రాస్తే అక్కడ గదిలో ఇంకొకరు చదివి వినిపించాలి. మొగుడికి చెప్పుకునే మాటలు ఇంకొకడి నోట్లోంచి వెళ్లడమేంటని అమ్మ ఉత్తరాలు మానేసి కేసెట్లు మొదలుపెట్టింది. నాన్న మొదటిసారి సెలవకి వచ్చినప్పుడు తెచ్చిన టూ ఇన్ వన్ ఉండేది, రేడియో, టేప్‌రికార్డర్ రెండూ ఒకదాంట్లోనే. రాత్రి మేం పడుకున్నాక దాన్ని పీట మీద పెట్టుకుని, ఎర్ర బటన్ నొక్కి మాట్లాడేది. మా ఊరి నుంచి ఎవరైనా కువైట్ బయల్దేరుతున్నారంటే ఆవకాయ సీసాతో పాటు ఒక కేసెట్ వెళ్లేది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, అక్కణ్ణించి రైల్లో బొంబాయి, అక్కడ విమానం. రెండు మూడు నెలలకి అదే కేసెట్ మీద నాన్న మాటలు వచ్చేవి. అదే కేసెట్ మీద. అంటే అమ్మ చెప్పింది చెరిగిపోయి దాని మీద నాన్న, నాన్న చెప్పింది చెరిగిపోయి దాని మీద మళ్లీ అమ్మ. అందుకే మా ఇంట్లో ఏదీ మిగల్లేదని అనుకున్నాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు ఒక యూఎస్‌బీ కేసెట్ ప్లేయర్ కొన్నాను, కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైల్ అయిపోతుందన్నారు. మొదటి కేసెట్ పెట్టగానే గొంతు ఒకసారి గబగబా, ఒకసారి సాగిపోతూ వచ్చింది. రెండు నిమిషాలకి ఆగిపోయింది. మూత తీస్తే టేపు రోలర్‌కి చుట్టుకుని ఉంది. చేతులు వణుకుతూ లాగాను, మధ్యలో తెగింది. ఇప్పుడు ఆయన దగ్గర ఉన్న ఐదో కేసెట్ అదే. దానికి నేనే కారణం. ముప్పై ఐదేళ్లు పెట్టెలో ఉన్న టేపుని ఎప్పుడూ అలాంటి దాంట్లో పెట్టకండి.

షాపులో పెద్దాయన కేసెట్లు తీసుకోగానే ప్లే చెయ్యలేదు. ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి తిప్పి చూశారు. టేపు అంచున తెల్లగా పొడిలా ఉంటే బూజు అట, మా వాటిలో రెండింటికి ఉంది. టేపుని హెడ్‌కి, అంటే ప్లేయర్‌లో టేపు మీది శబ్దాన్ని చదివే ముక్కకి, అదిమిపెట్టే చిన్న మెత్త ఒకటి ఉంటుంది, జిగురు ఎండిపోయి అది కూడా రెండింట్లో ఊడిపోయింది. తర్వాత వెనక అంచు చూసి, "వీటికి రెక్కలు విరగ్గొట్టారమ్మా, ఐదిటికీ, రెండు వైపులా" అన్నారు.

కేసెట్లు వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, అవి విరిస్తే దాని మీద మళ్లీ రికార్డింగ్ అవ్వదు. మేమెవరం విరవలేదు. అమ్మకి ఆ సంగతే తెలీదు. నాన్న కువైట్‌లో ఆ గదిలో కూర్చుని, తాళంచెవితోనో మేకుతోనో, ఈ ఐదూ తిప్పి పంపకూడదనుకుని విరిచేశాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, అక్కడి మనవాళ్లు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో వచ్చారు, మొత్తం 1,70,000 మందికి పైగా. వాళ్లలో నాన్న ఒకడు. రెండు నెలల జీతం వదిలేశాడు, కొన్న బట్టలు, గడియారం, అన్నీ వదిలేసి ఒక చేతిసంచీతో వచ్చాడని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ సంచీలో ఈ ఐదు ఉన్నాయని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, తనకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. నాన్న 2011లో పోయాడు. ఆ షాపులో స్టూలు మీద కూర్చుని ఆ విరిగిన చోట వేలు పెట్టి తడుముతూ చాలాసేపు ఏడ్చాను. ఆయన ఏమీ అనలేదు, కింద నుంచి టీ తెప్పించారు.

పని చేసే పద్ధతి చూస్తే నమ్మకం కుదిరింది. బిగింపు మర ఉన్న కేసెట్లయితే ఐదు స్క్రూలు విప్పి, టేపు చుట్టలు తీసి వేరే కొత్త కేసెట్ డొప్పలో పెడతారు. స్పిరిట్‌లో దూది ముంచి ప్లేయర్ హెడ్ తుడుస్తారు, ప్రతి కేసెట్‌కీ. టేపుని మొదట ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లిగా ఒకసారి తిప్పి, అతుక్కున్న చోట విడదీస్తారు. తర్వాత హెడ్ పక్కన ఉన్న సన్నని స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ వింటారు. ఇది నేను చెవులారా విన్నాను. అప్పటిదాకా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టున్న గొంతు, స్క్రూ కొంచెం తిరగ్గానే ముసుగు తీసినట్టయింది, "సైకిలు" అన్న మాటలో స విడిగా వినపడింది. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, గంట కేసెట్‌కి గంట కూర్చోవాల్సిందే, తొందరపెడితే పని కాదని ముందే చెప్పారు.

ఇంక లోపల ఏముందంటే, లెక్కలు. సగం కేసెట్ లెక్కలే. డ్రాఫ్టు ఎప్పుడు వచ్చింది, స్కూలు ఫీజుకి ఎంత, ఆవు దాణాకి ఎంత, కొబ్బరికాయలు ఎన్ని దింపారు, దింపుడు కూలి పోను ఎంత మిగిలింది, పైసలతో సహా. 1986 ఆగస్టు వరద ఒక కేసెట్‌లో ఉంది. భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులు వచ్చిన వరద అది, ఇప్పటికీ ఆ మట్టం మళ్లీ రాలేదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, గుర్తున్నదల్లా ఏటిగట్టు మీద పడుకున్న రాత్రి. అమ్మ చెప్తోంది: "బియ్యం అటక మీద పెట్టానండీ. ఆవుని గట్టు మీదకి తోలించాను. పిల్లలు బానే ఉన్నారు, బెంగెట్టుకోకండి. ఆయ్, నేను కూడా బానే ఉన్నాను." ముగ్గురు పిల్లల్ని, ఆవుని, బియ్యాన్ని గట్టెక్కించి, తన సంగతి చివర్లో ఒక్క మాట. అమ్మ వయసు అప్పటికి ఇరవై తొమ్మిది. ఇప్పుడు మా అమ్మాయికి ఇరవై నాలుగు.

ఇంకొకటి. "ఇంక ఉంటానండీ, టేపు అయిపోతంది" అని అమ్మ ఒక వైపునే నాలుగుసార్లు అంటుంది. అన్న ప్రతిసారీ మళ్లీ ఏదో గుర్తొస్తుంది. చెల్లికి పన్ను ఊడిందని ఒకసారి, పక్కింటివాళ్ల గేదె ఈనిందని ఒకసారి. నాలుగోసారి మాట మధ్యలో టేపు నిజంగానే అయిపోయి, టక్‌మని బటన్ పైకి లేచిన చప్పుడు.

సంవత్సరీకం రోజు సాయంత్రం చుట్టాలందరూ వెళ్లాక మండువాలో కూర్చుని పెట్టాం. మస్కట్ నుంచి చెల్లి, వాళ్ల పిల్ల వీడియో కాల్‌లో ఉన్నారు. తమ్ముడి కొడుకు ముందు నమ్మలేదు, మామ్మ ఇలా మాట్లాడేదా అన్నాడు. తర్వాత దగ్గరకొచ్చి స్పీకర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి "ఉంటానండీ"లు లెక్కపెట్టింది. మా మరదలు, అమ్మకి నాలుగేళ్లు అన్నం తినిపించిన మనిషి, లోపలికి వెళ్లిపోయి చాలాసేపు రాలేదు.

గంట కేసెట్‌కి 350 రూపాయలు తీసుకున్నారు, బూజు తీసినవాటికి ఒక్కోదానికి ఇంకో 200. పన్నెండు రోజులు పట్టింది. ప్రతి కేసెట్‌కీ రెండు రకాల ఫైళ్లు ఇచ్చారు, ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, హోరు తగ్గించి శుభ్రం చేసింది ఒకటి. నేనైతే మొదటిదే వింటున్నాను. శుభ్రం చేసినదాంట్లో హోరుతో పాటు పెంకుల మీద వాన కూడా పోయింది, వెనక ఎవరో పిల్ల దగ్గుతుంది, అదీ పోయింది. ఆ దగ్గేది నేనే అయి ఉంటాను. వేవ్ ఫైళ్లు, అంటే శబ్దాన్ని కుదించకుండా ఉంచేవి, అడిగి తీసుకోండి, గంటకి 600 ఎంబీ దాకా ఉంటాయి, ఫోన్‌లో పంపుకోవడానికి ఎంపీ3 సరిపోతుంది.

అర ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. పదకొండున్నరకి ముందు తెరవరు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంకొకర్ని పంపడం మంచిది. ఒక కేసెట్ రెండో వైపు చెయ్యడం మర్చిపోయారు, ఇంటికొచ్చి విన్నాక తెలిసి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. డబ్బు తీసుకోకుండా నేను కూర్చుని ఉండగానే చేసిచ్చారు. ఫైళ్లకి పేర్లు పెట్టరు, ఒకటి రెండు మూడు అంతే. మీ కేసెట్ల మీద ముందే నంబర్లు రాసుకుని వెళ్లండి.

తెగిన ఐదో కేసెట్ అతికించొచ్చు అన్నారు, తెగిన చోట అర సెకను మాట పోతుందట. దాని మీద అమ్మ పెన్సిల్‌తో "సంక్రాంతి" అని రాసింది, ఏ ఏడాదిదో రాయలేదు. వచ్చే మంగళవారం రమ్మన్నారు. విన్నాక ఇక్కడే రాస్తాను.